వాషర్‌మెన్‌పేట్: చలువ రేవుల నుంచి జవుళి అంగళ్ల దాకా

వాషర్‌మెన్‌పేట్ చెన్నై ఉత్తర భాగంలో, జార్జిటౌనుకు ఆనుకొని ఉన్న పాత పేట. తమిళులు వణ్ణారపేట్టై అంటారు. నగరంలోని తెలుగువారికి ఇది చాకలిపేట. తూర్పున రాయపురం, ఉత్తరాన తండయారుపేట, కొరుక్కుపేట ఉన్నాయి. పేరు వినగానే ఊరివాళ్ల మైలబట్టలు ఉతికినవారి వాడ అనుకుంటారు గానీ, దీన్ని నిలబెట్టింది ఈస్టిండియా కంపెనీ ఎగుమతి గుడ్డ. మగ్గం దిగిన కోరా గుడ్డను ఓడకెక్కే సరుకుగా చలువ చేసిన పనివాళ్లు ఇక్కడ ఉండేవారు.

గుడ్డ కోసం పుట్టిన పట్నం

1639లో కంపెనీ ఉద్యోగి ఫ్రాన్సిస్ డే స్థానిక పాలకుడు దామెర్ల వెంకటాద్రి నాయకుని దగ్గర చెన్నపట్నం స్థలం సంపాదించాడు. రేవు చూసి మాత్రం కాదు. అలల పోటుకు ఓడలు దూరంగా ఆగి, సరుకు చిన్న పడవల్లో ఒడ్డు చేరాల్సిన చోటది. అంతకుముందు కంపెనీ ఉన్న దుగరాజపట్నంలో కన్నా ఇక్కడ నూలుగుడ్డ చవక. అదే ఆయనను ఆకర్షించింది. ఆ తరువాత గుడ్డ పనివాళ్లను కోటకు దగ్గరగా నిలుపుకోవడం కంపెనీకి పెద్ద పనయింది. గవర్నరు కాలెట్ పేర తిరువొత్తియూరు దగ్గర కాలడిపేట, 1734లో చింతాద్రిపేట అలా వెలిసినవే.

నేతతో గుడ్డ పూర్తయ్యేది కాదు. మగ్గం దిగినప్పుడు దానికి పడుగుకు పెట్టిన గంజి, చేతుల జిడ్డు, దుమ్ము పట్టి ఉంటాయి. చాకళ్లు దాన్ని నానబెట్టి, చౌటి నీళ్లలో ముంచి, ఉబ్బ వేసి, బండమీద బాది, జాడించి, ఎండలో పరిచేవారు. కోరిన తెలుపు వచ్చేదాకా ఇదే వరుస మళ్లీ మళ్లీ సాగేది. చివర గంజి పెట్టి మడత వేసేవారు. ఇందుకు ఎండ, విశాలమైన బయలు, అన్నిటికన్నా మంచినీళ్లు కావాలి. కలంకారీ అద్దకానికీ మొదటి మెట్టు ఇదే. చలువ చెడితే రంగు సరిగా పట్టదు. దెబ్బ ఎక్కువైతే నేత చిరుగుతుంది, తక్కువైతే మురికి మిగులుతుంది. ఇంత నేర్పున్న పనివాళ్లను చరిత్రకారులు చాలాకాలం నేతగాళ్ల వెనక అడుగు పేరాలోకి నెట్టేశారు.

వాళ్ల బలం 1707లో తెలిసింది. కుడిచేతి, ఎడమచేతి అనే రెండు వర్గాలుగా చీలిన కులాల తగవు ముదిరినప్పుడు పడవవాళ్లు, చాకళ్లు వంటి పనివాళ్లు శాంథోముకు తరలిపోయారు. గవర్నరు థామస్ పిట్ రాజీ కోసం తిప్పలు పడ్డాడు.

గోడ, బావులు, కాలువ

1758–59లో లాలీ నాయకత్వాన ఫ్రెంచివారు కోటను ముట్టడించాక, కోట పక్కనున్న పాత బ్లాక్‌టౌనును కంపెనీ ఖాళీ చేయించింది. కొత్త బ్లాక్‌టౌను (నేటి జార్జిటౌను) చుట్టూ గోడ లేచింది. చాకలిపేట ఆ గోడకు ఉత్తరాన, బయట మిగిలింది. గోడ ఖర్చుకు వేయదలచిన పన్ను వసూలు కాలేదు గానీ వాల్‌టాక్స్ రోడ్డు అన్న పేరు స్థిరపడింది. ఓల్డ్ జైల్ రోడ్డులోని మాడి పూంగాలో ఆ గోడ ముక్క ఇంకా కనబడుతుంది. 1772లో కెప్టెన్ బేకర్ కోటకు నీళ్లిచ్చేందుకు తవ్వించిన ఏడు బావులు కూడా ఈ చుట్టుపక్కలవే.

పేట పడమటి వైపు వెళ్లే కాలువను స్కాట్లాండు వ్యాపారి బేసిల్ కాక్రేన్ 1806 నాటికి ఎన్నూరు దాకా తవ్వించాడు. అదే పెరిగి బకింగ్‌హాం కాలువై కృష్ణా డెల్టా కాలువలను కలిసింది.

చలువ పనికి దెబ్బ

1700 నాటి చట్టంతో ఇంగ్లండు అద్దకపు గుడ్డల దిగుమతిని ఆపింది. తెల్లగుడ్డకు మాత్రం దారి వదిలింది. అక్కడే అద్దుకోవాలన్న ఆలోచన అది. చలువ పనివాళ్లకు ఈ చట్టం మేలే చేసి ఉండాలి. అసలు దెబ్బ స్కాట్లాండు నుంచి వచ్చింది. గ్లాస్గోలో చార్లెస్ టెన్నెంట్ 1799లో బ్లీచింగ్ పౌడరుకు పేటెంటు పొందాడు. వారాల తరబడి ఎండలో సాగే పని కొద్ది రోజులకు కుదించుకుపోయింది. పైగా మరనూలు గుడ్డ వచ్చిపడింది. 1833 చార్టరు చట్టం కంపెనీ వర్తకాన్నే ముగించింది.

తరువాతి కాలం

జవుళి మాత్రం పేటను వదల్లేదు. తెలుగు దేవాంగ కుటుంబంలో పుట్టిన సర్ పిట్టి త్యాగరాయ చెట్టి (1852–1925) ఇక్కడ మగ్గాలు పెట్టించి, ఫ్లై షటిల్ నేతను ప్రచారం చేశాడు. 1916లో జస్టిస్ పార్టీ స్థాపకుల్లో ఒకడై, 1920 ఎన్నికల్లో గెలిచాక ముఖ్యమంత్రి పదవిని వద్దన్నాడు. పట్టుచీరలకు పేరుపడ్డ టి.నగర్ ఆయన పేరనే ఉంది. పాత వాషర్‌మెన్‌పేట్‌లోని త్యాగరాయ కళాశాల 1950లో మొదలైంది.

నేటి పేటలో చూడదగినవాటిలో 1938లో వైద్యకళాశాలగా మారిన స్టాన్లీ ఆసుపత్రి ఒకటి. దాని మూలం 1782 కరువులో గంజి పోసిన మణేగారు సత్రం. ఎం.సి.రోడ్డు రెడీమేడ్ బట్టల అంగళ్లతో కిటకిటలాడుతుంది, దీపావళి ముందు మరీ. 2019 ఫిబ్రవరిలో మెట్రో ఇక్కడిదాకా వచ్చింది. 2021లో విమ్కో నగర్ దాకా సాగింది.