సైతాను బాట

మార్గములకు శాపము తగులునను నమ్మకము మన పల్లెలకే పరిమితమైనది కాదు. అమెరికాదేశమందును ఒక రహదారి సైతాను బాటయని పేరుమోసినది.

1926లో ఆ దేశమున రహదారులకు సంఖ్యల నేర్పరచిరి. షికాగోనుండి పడమటి తీరమునకు బోవు ప్రధానమార్గమునకు 66 వచ్చెను. దాని శాఖలను 166, 266 అని వరుసగా లెక్కింపగా, గాలప్ పట్టణమునుండి ఉత్తరమునకు చీలిన ఆరవ శాఖకు 666 దక్కెను. ఇది గుమాస్తా లెక్కయే కాని మంత్రము కాదు. అయినను బైబిలులోని ప్రకటన గ్రంథమున మృగమునకు చెప్పబడిన సంఖ్య యదియే! నవాహోజాతివారి భూములగుండ, నిర్జనప్రదేశముల మీదుగా బోవు ఆ బాటలో ప్రమాదములు జరిగినప్పుడు పలువురు సంఖ్యనే నిందించిరి. రాత్రులందు దయ్యపుకారు తిరుగుననియు, కుక్కలు వెంటాడుననియు కథలు పుట్టెను.

2003లో ఆ మార్గమునకు 491 అని సంఖ్య మార్చిరి. పాత పలకలను వేడుకకై దొంగిలించినవారును కలరు. కాని ప్రాణములను కాచినది క్రొత్త సంఖ్యయా? న్యూ మెక్సికో భాగమున రెండు వరుసల యిరుకుబాటను నాలుగు వరుసలకు విస్తరించిరి. ఎదురుబండ్ల తాకిడి భయము తగ్గెను. అదియే శాపవిమోచనము.

క్రొత్తబండి చక్రముక్రింద నిమ్మకాయ నుంచక కదలనివారు మనలో నెందరు లేరు! నిమ్మకాయవలన నష్టము స్వల్పమే. దయ్యమును దోషిగా నిలిపినచో, బాటను బాగుచేయవలసినవాడు నిర్దోషిగా తప్పించుకొనును. అసలు నష్టమదియే.