అంతర్జాలపుఁ దొలినాళ్లు: స్మృతియుఁ జరిత్రయు

గడచిన కాలమే మంచికాలమని తలఁచుట మనుష్యస్వభావము. తాత మనుమనితో నీమాట చెప్పును. ఆ మనుమఁడు తాతయైన పిమ్మట నదే మాట మరలఁ జెప్పును. కావునఁ జరిత్రకారుఁ డిట్టి మాటలను విన్నంతనే నమ్మరాదు, విననట్లు త్రోసివేయనురాదు. ఏది పోయినదని జనులు వగచుచున్నారో దానిని బరిశీలించినచో నిజముగాఁ బోయినదేదో, ఎన్నఁడును లేనిదేదో తేటపడును. అంతర్జాలపుఁ దొలినాళ్లను గూర్చి నేఁడు పలువురు చెప్పుకొను మాటలను ఈ దృష్టితోఁ బరీక్షించుట యీ వ్యాసముయొక్క యుద్దేశము. తొలినాళ్లనఁగా నిందు సుమారు 1980 మొదలు 2004 వఱకుఁ గల కాలము. ఫేస్‌బుక్కు 2004 లోను, ట్విట్టరు 2006 లోను బుట్టినవి. సామాజిక మాధ్యమముల యుగమును అచ్చటినుండి లెక్కింపవచ్చును.

ఈ వగపునకుఁ బాశ్చాత్యులు ‘నోస్టాల్జియా’ యని పేరిడిరి. ఇది ప్రాచీనపదము గాదు. 1688 లో జొహానెస్ హోఫర్ అను వైద్యవిద్యార్థి బాసెల్ నగరమునఁ దన సిద్ధాంతవ్యాసమునందు, ఇల్లు చేరుట యను నర్థము గల గ్రీకుమాటను, బాధ యను నర్థము గల మఱియొక గ్రీకుమాటను గూర్చి దీనిని గల్పించెను. అతని మతమున నిది పరదేశమందున్నవారికిఁ గలుగు వ్యాధి; స్వదేశమునకుఁ బంపుటయే దానికి మందు. కాలక్రమమున నీ పదమునకు ఊరిని గూర్చిన బెంగ యను నర్థము సన్నగిల్లి, కాలమును గూర్చిన బెంగ యను నర్థము ముఖ్యమైనది. ఊరికి మరలఁ బోవచ్చును గాని గతకాలమునకుఁ బోవ వీలులేదు. ఈ యర్థభేదము ప్రస్తుతాంశమునకు మిగుల నవసరమైనది. ఏలయనఁగాఁ దెలుఁగువారి యంతర్జాలచరిత్రలో నీ రెండు బెంగలును నొక్కచోటఁ గలిసినవి.

ముందు వస్తుస్థితిని జెప్పవలెను. 1979 లో అమెరికాలోని ఉత్తర కరొలీనా రాష్ట్రమందలి డ్యూక్ విశ్వవిద్యాలయమున టామ్ ట్రస్కాట్, జిమ్ ఎల్లిస్ అను విద్యార్థులు యూజ్‌నెట్ అను లేఖావినిమయపద్ధతిని సంకల్పించిరి. 1980 లో నది యాచరణమునకు వచ్చినది. దాని నడక మిక్కిలి సులభమైనది. ఒక విద్యాలయపుఁ గంప్యూటరు టెలిఫోను తీఁగమీఁదఁ బొరుగు విద్యాలయపుఁ గంప్యూటరును బిలిచి, తనయొద్దఁ జేరిన క్రొత్త లేఖలను దానికిచ్చి, దానియొద్ద నున్నవానిని దాను గైకొనును. అది మఱియొకదానిని బిలుచును. ఇట్లొక లేఖ యూరూరునఁ బ్రతియై వ్యాపించెడిది. మన లేఖకులు తాటియాకులమీఁద గ్రంథమును బ్రతివ్రాసి యొక గ్రామమునుండి మఱియొక గ్రామమునకుఁ గొనిపోయినట్లే యిదియు. ఇందుఁ గేంద్రస్థానము లేదు, యజమానుఁడు లేఁడు. లేఖలు వ్రాసినవాని పేరునుబట్టి గాక విషయమునుబట్టి వర్గములుగా నేర్పఱుపఁబడెడివి. 1987 నాఁటికి శాస్త్రములు, కంప్యూటర్లు, సంఘము, వినోదములు మున్నగు మహావర్గములును, వాని క్రింద నుపవర్గములును నిశ్చితమైనవి. కాని యంత్రములలోఁ జోటు చాలమిచేఁ గొన్నిదినములకో కొన్నివారములకో పాతలేఖలు చెరిపివేయఁబడుచుండెను. ఈ యొక్క విషయమును బాఠకులు జ్ఞప్తియందుంచుకొనవలెను. దీనితో వ్యాసాంతమునఁ బని కలదు.

పాతలేఖలు నిలువమిచేఁ గ్రొత్తగా వచ్చినవారు అడిగినదే యడుగుచుండిరి. దానికి విరుగుడుగాఁ బెద్దలు ‘తఱచుగ నడుగు ప్రశ్నలు’ అను పేర సమాధానసంగ్రహములను గూర్చి నియతకాలములందుఁ బ్రకటించుచు వచ్చిరి. వర్గమర్యాదను దెలియఁగోరువాఁడు ముందు వీనిని జదువవలెను. కొంతకాలము మౌనముగా విని పిమ్మట నోరు విప్పవలెను. ఏఁటేఁట సెప్టెంబరు మాసమున విశ్వవిద్యాలయములందుఁ గ్రొత్త విద్యార్థులు చేరినప్పుడు కొంత యల్లరి పుట్టి, క్రమముగా నడఁగిపోయెడిది. 1993 సెప్టెంబరులో వచ్చిన వెల్లువ మాత్రమడఁగలేదు. విద్యాలయములతో సంబంధములేని చందాదారులు వచ్చుచునేయుండిరి. ఆ సెప్టెంబరు ముగియనే లేదని 1994 జనవరిలో నొకరు పరిహాసముగా వ్రాసిరి. ఆ యేఁడే అమెరికా ఆన్‌లైన్ సంస్థ తన చందాదారుల కందఱకు నీ ద్వారమును దెఱచినది. నేర్చుకొనవలసినవారు పెక్కురు, నేర్పువారు కొలఁదిమంది యైరి. ఆ కాలమునకు ‘నిత్యసెప్టెంబరు’ అను పేరు స్థిరపడినది.

ఇచ్చటఁ జరిత్రకారుఁడు గమనింపవలసిన దొకటి కలదు. ‘మంచికాలము పోయినది’ అను విలాపము ఫేస్‌బుక్కు పుట్టుటకుఁ బదియేండ్లు ముందే పుట్టినది. నేఁడు కొందఱు స్వర్ణయుగమని కొనియాడు 1990 ల నడిమిభాగము, అంతకుఁ బూర్వులకుఁ గలియుగముగాఁ దోఁచినది. కాఁబట్టి సర్వదోషములను సామాజిక మాధ్యమములపై మోపుట చరిత్రసమ్మతము గాదు.

యూజ్‌నెట్ సభవంటిదైనచో, పిమ్మట వచ్చిన వెబ్బు గృహనిర్మాణము వంటిది. 1989 లో టిమ్ బర్నర్స్-లీ యను నాంగ్లేయుఁడు సెర్న్ పరిశోధనాలయమున నీ పద్ధతిని బ్రతిపాదించెను. 1993 ఏప్రిల్ 30 న ఆ సంస్థ దానిని సర్వజనుల సొత్తుగాఁ బ్రకటించెను. అంతట నెవ్వఁడైనను దన పుటను దాను నిలుపుకొనవచ్చునని యైనది. స్థలము లేనివారికి 1994 లో స్థాపింపఁబడిన జియోసిటీస్ సంస్థ యుచితముగా స్థలమొసఁగెను. దాని యేర్పాటు మనోహరమైనది. పుటలన్నియుఁ బేటలుగా విభజింపఁబడెను. సాహిత్యము, విద్య, తత్త్వశాస్త్రము నందు నాసక్తి గలవారికి ‘ఏథెన్స్’ పేట. కంప్యూటరువిద్య గలవారికి ‘సిలికాన్ వ్యాలీ’ పేట. ప్రతిపుటకు నొక యింటినంబరు. వచ్చినవారు నాలుగుమాటలు వ్రాసి సంతకము చేయుట కతిథిపుస్తకము, వారిని లెక్కించు నంకెలపట్టీ, ‘పని సాగుచున్నది’ అని తెలుపు బొమ్మ — ఇవి యాయిండ్ల సాధారణాలంకారములు. పరుని పుట యెట్లు వ్రాయఁబడెనో దాని మూలమును దెఱచి చూచి నేర్చుకొనవచ్చును. రంగుల పొందికలో నా యిండ్లు మొఱటువి. కాని ప్రతియిల్లును దన యజమానుని చేతిపని.

ఇఁకఁ దెలుఁగువారి విషయము. అమెరికా విశ్వవిద్యాలయములకుఁ జదువుకొనఁబోయిన తెలుఁగు యువకులు 1990 ప్రాంతమున యూజ్‌నెట్టును బ్రవేశించిరి. సంఘసంస్కృతుల మహావర్గమందు భారతీయశాఖలోఁ దెలుఁగునకు బ్రత్యేకవర్గము వెలసినది. హోఫర్ చెప్పిన మొదటిబెంగ, అనఁగా నూరిని గూర్చిన బెంగ, వీరియందుఁ బూర్ణముగాఁ గలదు. కాని తెలుఁగులిపి యా యంత్రములందు లేదు. ఇంగ్లీషు అక్షరములతోఁ దెలుఁగు వ్రాయవలెను. తకారమునకును టకారమునకును, లకారమునకును ళకారమునకును భేద మెట్లు చూపుట? హ్యూస్టన్ నగరములోని రైస్ విశ్వవిద్యాలయమునఁ జదువుచుండిన తెలుఁగువారు దీనికొక వ్యవస్థను గల్పించిరి. చిన్నక్షరము తకారము, అదియే పెద్దక్షరమైనచో టకారము. నకారణకారములకును, లకారళకారములకును నిదే రీతి. ఇట్లు వ్రాసినదానిని దెలుఁగులిపికిఁ ద్రిప్పు సాధనమునుగూడ వారు నిర్మించిరి. ఆర్‌టీఎస్ అను పేర నీ లేఖనపద్ధతి పలుతావుల వ్యాపించినది. తెలుఁగు వర్ణమాలను దెలుఁగులిపి లేని మీటలపై నిలుపుటకై చేసిన యీ కృషి భాషాచరిత్రలోఁ జేర్పఁదగినది. పిమ్మట 1998 లో ‘ఈమాట’ యను జాలపత్రిక వెలువడి నేఁటికిని సాగుచున్నది. యాహూ సంస్థ యేర్పఱచిన గుంపులలో ‘రచ్చబండ’ యనునది సాహిత్యచర్చకుఁ బేరొందినది. ఆ పేరే యా మనుష్యుల హృదయమును దెలుపుచున్నది. ఊరినడుమఁ జెట్టుక్రింద రాతిబండపైఁ గూర్చుండు భాగ్యమునకు దూరమైనవారు తీఁగలమీఁద నొక బండను నిలుపుకొనిరి. నేఁడు వారు బెంగగొనునది యూరిని గూర్చి కాదు, ఆ బండను గూర్చి. మొదటిబెంగకు మందుగాఁ గట్టుకొన్నదే రెండవబెంగకుఁ గారణమైనది.

దీనిపై నొక పూర్వపక్షము కలదు; అది బలమైనదే. ఆ స్వర్ణయుగమున నెందఱుండిరి? విశ్వవిద్యాలయమునందో పెద్దసంస్థయందో చోటు గలవారు మాత్రమే. భారతదేశమున విదేశ సంచార నిగమము 1995 ఆగస్టు 15 న నంతర్జాలమును సామాన్యజనులకుఁ దెఱచినప్పుడు బొంబాయి, ఢిల్లీ, కలకత్తా, మద్రాసు నగరములకే మొదట నా సౌకర్యము గలిగినది. తెలుఁగునగరమొక్కటియు నందు లేదు. తెలుఁగక్షరములకు 1991 నాఁటి యూనికోడులోనే స్థానము దొరకినను, సామాన్యుని యంత్రమున నవి కనఁబడుట 2000 దాటిన పిమ్మటనే. నేఁడు పల్లెలోని బాలుఁడు చేతిఫోనుపైఁ దన లిపిలోఁ దన మాట వ్రాయుచున్నాఁడు. నాఁడు పండితులకును నది యసాధ్యము. కలహములు లేవనుటయు సరిగాదు. వాదము పెరిగినకొలఁది యెవరో యొకరు ప్రతిపక్షిని హిట్లరుతోఁ బోల్చుట తప్పదని మైక్ గాడ్విన్ 1990 లోనే సూత్రీకరించెను. 1994 ఏప్రిల్‌లో నిరువురు వకీళ్లు అమెరికా నివాసపత్రపు లాటరీని గూర్చిన తమ ప్రకటనను వేలకొలఁది వర్గములలో నొక్కమాఱుగా గుమ్మరించిరి. వాణిజ్యకాలుష్యమును గ్రొత్తది గాదు.

ఈ యాక్షేపములన్నియు నంగీకరించినను, నిజముగాఁ బోయినది కొంత కలదని నా యభిప్రాయము. నాఁడు చదువరి తాను గోరిన విషయమును వెదకికొని పోయెడివాఁడు; లేఖలు వచ్చిన క్రమమున నుండెడివి. 2006 సెప్టెంబరులో ఫేస్‌బుక్కు వార్తాస్రవంతిని బ్రవేశపెట్టినది మొదలు, ఎవ్వనికేది చూపవలెనో నిర్ణయించు పని క్రమముగా యంత్రగణితము చేతికిఁ బోయినది. నాఁడు వర్గము విషయమునకుఁ జెందినది. నేఁడు పుట వ్యక్తికిఁ జెందినది, స్థలము సంస్థకుఁ జెందినది. పోయినది మంచితనము గాదు, యజమానత్వము.

అయితే యా యజమానత్వమును నాఁడే సగము వదలుకొన్నారము. ఉచితముగా నిచ్చిన స్థలము పరునిది. జియోసిటీస్‌ను 1999 లోఁ గొన్న యాహూ సంస్థ 2009 అక్టోబరు 26 న దానిని మూసివేసెను. గుంపులలోని పూర్వలేఖలను 2019 డిసెంబరులోఁ దొలఁగించి, 2020 డిసెంబరులో గుంపులనే ముగించెను. సభ్యులును సంగ్రాహకులును బ్రతిచేసికొన్నవి దప్పఁ దక్కినవి దక్కలేదు. జియోసిటీస్ మూఁతపడు దినములలో ఆర్కైవ్ టీమ్ అను స్వచ్ఛందబృందము రాత్రింబవళ్లు శ్రమించి చాల పుటలను గాపాడినది. అంతకంటె నాశ్చర్యకరమైన దొకటి కలదు. యూజ్‌నెట్ లేఖలు చెరిపివేయఁబడెడివని పైనఁ జెప్పితిని. టొరంటో విశ్వవిద్యాలయపు జంతుశాస్త్రశాఖలోఁ బనిచేసిన హెన్రీ స్పెన్సర్ అనునాయన 1981 మొదలు 1991 వఱకు వానిని అయస్కాంతపు టేపులపై దాఁచెను. అట్టి టేపులు 141. వానియందలి లేఖలు సుమారు ఇరువది లక్షలు. 2001 లో నవి గూగుల్ సంస్థ మూలమున లోకమునకు వెల్లడియైనవి. ఎవ్వరును జేయుమనని పని యిది. దీనిచేతనే యా దశాబ్దము మనకు మిగిలినది.

మన పండితులకుఁ దెలియని కథ గాదిది. మానవల్లి రామకృష్ణకవిగారు తంజావూరి తాళపత్రములలోఁ గనుగొని 1909 లోఁ బ్రకటింపకున్నచో నన్నెచోడుని కుమారసంభవము నేఁడు మనకెక్కడిది? 1911 లో నేర్పడిన ఆంధ్రసాహిత్యపరిషత్తు పూర్వగ్రంథముల సేకరణమును దన విధులలో నొకటిగాఁ బెట్టుకొన్నది. తాటియాకునకుఁ జెదలు శత్రువు. అయస్కాంతఫలకమునకుఁ గాలమును, మూఁతపడు సంస్థయు శత్రువులు. తాటియాకు మూఁడువందలయేండ్లు ఓర్చుకొన్నది. ఇవి ముప్పదియేండ్లకే నశించుచున్నవి.

కాఁబట్టి తొలినాళ్లను దలఁచి వగచువారికి నా విన్నప మొక్కటియే. మీ పాతఫలకములను, మీరు దాఁచుకొన్న లేఖలను బయటికిఁ దీయుఁడు. రోమకాక్షరములలో నున్నవానిని దెలుఁగులిపికి మార్చునపుడు మూలప్రతినిగూడ నిలుపుఁడు. వ్రాసినవారి పేరు, సంవత్సరము గుర్తింపుఁడు. బ్రతికియున్నవారి యనుమతి గైకొనక వారి స్వంతలేఖలను బ్రకటింపకుఁడు. ఒక్క సంస్థనే నమ్మక పలుచోట్లఁ బ్రతులుంచుఁడు. గతకాలమునకు మరలఁబోవ వీలులేదు గాని, అది మాటలాడిన మాటలను మనయొద్ద నుంచుకొనుట మన చేతిలోని పని. పరిషత్తులును, విద్యాలయములును, మఱికొంత కాలము గడవకముందే యీ సేకరణమునకుఁ బూనుకొనునుగాక.