పంటి సలుపు, నరపు పోటు: వైద్యచరిత్రలో ఒక పాత సందేహం

హిజ్రీ నాలుగవ శతాబ్దంలో అందలూసియాలోని కార్డొబా చెంత నివసించిన అబుల్ ఖాసిమ్ జహ్రావీ తన శస్త్రవైద్య గ్రంథంలో పన్ను పీకడాన్ని గురించి ఒక అధ్యాయం వ్రాశారు. పట్టకారు ఎలా పట్టాలో చెప్పడానికి ముందే ఆయన ఒక హెచ్చరిక చేశారు. పన్ను విలువైన అవయవం, పోయిన తర్వాత మరి రాదు. కనుక తెలిసిన చికిత్సలన్నీ చేసి చూడాలి. రోగి పట్టుబట్టినప్పటికీ నొప్పి ఏ పంటిదో నిర్ధారించుకోనిదే చేయి వేయరాదు. నొప్పి రోగిని తరచు మోసగిస్తుంది. అతడు మంచి పంటిని చూపి పీకించుకుంటాడు, నొప్పి మాత్రం ఉన్నచోటనే ఉంటుంది. మంగలుల చేతుల్లో ఇలా జరగడం తాను చూశానని కూడా ఆయన పేర్కొన్నారు. జహ్రావీ మరణించినది క్రీ.శ. 1013 ప్రాంతంలో.

ఆయన చెప్పినది ఒక పంటికి బదులు మరొక పంటిని పీకిన సంగతి. నొప్పి ఏ పంటిదీ కానప్పుడు ఏమవుతుంది? ఈ వ్యాసం దానిని గురించి.

మెదడు నుండి ముఖానికి రెండు వైపులా ఒక్కొక్క పెద్ద నరం వస్తుంది. అది మూడు పాయలుగా చీలుతుంది గనుక తెలుగు పాఠ్యగ్రంథాలు దానిని త్రిధార నాడి అన్నాయి. మొదటి పాయ నుదుటికి, కంటికి. రెండవది చెంపకు, పైపళ్ళకు. మూడవది కింది దవడకు, కింది పళ్ళకు పోతుంది. ఈ నరంలోనే పుట్టే పోటును డాక్టర్లు ట్రైజెమినల్ న్యూరాల్జియా అంటారు. అది ఎక్కువగా రెండవ, మూడవ పాయల్లోనే వస్తుంది. పళ్ళ నొప్పిని మోసుకుపోయే తీగ కూడా అదే. అందుచేత పన్ను నిక్షేపంగా ఉన్నా రోగికి పన్నే నొప్పి పెడుతున్నట్టు తోస్తుంది. అతడు అబద్ధం చెప్పడం లేదు.

ఇక్కడ అనువాదకునిగా ఒక మాట చెప్పుకోవాలి. అరబీ గ్రంథాల్లోని 'అసబ్' అనే పదాన్ని తెలుగు చేయబోతే చిక్కు వస్తుంది. 'నరం' అంటే మనవాళ్ళు రక్తనాళమనీ అనుకుంటారు, కండరపు తాడనీ అనుకుంటారు. 'నాడి' అంటే చేయి పట్టి చూసేది. ఉర్దూలో 'పట్ఠా' అన్నా ఇదే తంటా. వీటికి తోడు 'లఖ్వా' ఒకటి. మూతి వంకర పోవడాన్నీ, ముఖంలో వచ్చే పోటునూ కలిపి ఆ ఒక్క మాటతో సరిపెట్టేవారున్నారు. లఖ్వా ముఖాన్ని కదిలించే నరానికి సంబంధించినది, ఈ పోటు స్పర్శ తెలిపే నరానిది. ఈ రెండు నరాల పనులను చార్లెస్ బెల్ స్పష్టంగా వేరుచేసి చూపినది 1820లలోనే. కనుక పూర్వగ్రంథాల్లో లఖ్వా అని కనిపించిన ప్రతిచోటా ఈ వ్యాధినే వెదకడం న్యాయం కాదు.

అయినా పూర్వులు ఎంతదూరం వచ్చారో చూడవలసిందే. హైదరాబాదులో 1888లో స్థాపితమైన దాయిరతుల్ మఆరిఫ్ 1955 నుండి సంపుటాలుగా ముద్రించిన జకరియా రాజీ 'అల్ హావీ'లో చెవి, ముక్కు, దంతాల వ్యాధులకు ప్రత్యేక భాగం ఉంది. ఇబ్నె సీనా (క్రీ.శ. 980–1037) 'అల్ ఖానూన్'లో పంటినొప్పికి మూడు తావులు చూపారు: పన్నే కావచ్చు, దాని మూలాన ఉన్న నరం కావచ్చు, చిగురు వాపు కావచ్చు. చోటు వేరైతే చికిత్స వేరు కావాలి గదా! ఆయన తర్వాతివారైన ఇస్మాయీల్ జుర్జానీ (మరణం క్రీ.శ. 1137) ఫార్సీలో వ్రాసిన 'జఖీరయె ఖ్వారజ్మ్‌షాహీ'లో ముఖానికి ఒకవైపున వచ్చే పోటును వర్ణించి, రక్తనాళం నరానికి దగ్గరగా ఉండడాన్ని కారణంగా చెప్పారని వైద్యచరిత్రకారులు చూపుతున్నారు. ఇది ఆశ్చర్యకరమైన మాటే. కాని మనవారు అన్నీ ముందే కనిపెట్టారని చాటుకోవడానికి దీనిని వాడరాదని నా అభిప్రాయం. జుర్జానీది ఊహ. బాల్టిమోర్‌లో వాల్టర్ డాండీ పుర్రె తెరచి, నరాన్ని నొక్కుతున్న ధమనిని కంటితో చూచి 1934లో ప్రకటించారు. 1967 మొదలు పీటర్ జనెటా సూక్ష్మదర్శిని సాయంతో ఆ ధమనిని నరం నుండి ఎడంచేసే శస్త్రచికిత్సను స్థిరపరిచారు.

ఈ నడుమ ఐరోపాలోనూ పళ్ళు ఊడుతూనే ఉన్నాయి. తత్త్వవేత్తగా ప్రసిద్ధుడైన జాన్ లాక్ వైద్యుడు కూడా. 1677లో పారిస్‌లో ఇంగ్లీషు రాయబారి భార్యను చూడవలసి వచ్చినప్పుడు, పళ్ళు పీకించుకున్నా ఆమె పోటు పోలేదని లేఖల్లో వ్రాశాడు. 1756లో ఫ్రాన్సులో నికొలా ఆంద్రే ఈ వ్యాధికి ఒక పేరు పెట్టాడు. 1773లో లండన్‌లో జాన్ ఫాథర్‌గిల్ దీని లక్షణాలను విపులంగా చెప్పాడు.

మా నెల్లూరు తీరంలో కథ వేరుగా లేదు. కృష్ణపట్నం వైపు ఉండే మా ఖాలా ఒకరు వరుసగా మూడు పళ్ళు పీకించుకున్నారు. మూడవది పోయిన తర్వాత కూడా వుజూ నీళ్ళు చెంపకు తగలగానే ఆమె చేయి గాలిలోనే ఆగిపోయేది. సముద్రపు గాలి కొడుతుందని కొంగు ముఖానికి చుట్టుకుని వాకిట్లోకి వచ్చేవారు. ఇంట్లోవారు వాతమన్నారు, గాలి సోకిందన్నారు. గాలి మాట ఒక విధంగా నిజమే. ఈ పోటును లేపేవాటిలో చల్లగాలి ఒకటి.

రెంటినీ వేరుచేయడానికి మన భాషే కొంత సాయం చేస్తుంది. పిప్పిపన్ను 'సలుపుతుంది'. ఆ సలుపు గంటల తరబడి ఉంటుంది, రాత్రి పడుకుంటే హెచ్చుతుంది, వేడి టీ గాని చల్లనీళ్ళు గాని తగిలిన తర్వాత కొంతసేపు నిలుస్తుంది. ఆ పంటిని తట్టి చూస్తే నొప్పి తెలుస్తుంది, చిగురు వాయవచ్చు, ఎక్స్‌రేలో ఏదో ఒకటి కనబడుతుంది. నరపు పోటు సలపదు, 'జివ్వుమని కొడుతుంది', కరెంటు తగిలినట్టు. కొన్ని క్షణాలు, మహా అయితే రెండు నిమిషాలు. మళ్ళీ ఏమీ లేనట్టే ఉంటుంది, మళ్ళీ కొడుతుంది. ముఖం కడిగినా, పళ్ళు తోమినా, నమలినా, మాట్లాడినా, గడ్డం గీసుకున్నా లేస్తుంది. సాధారణంగా ఒకవైపే, యాభై దాటినవారిలో, స్త్రీలలో ఎక్కువ. మామూలు నొప్పి మాత్రలకు లొంగదు. ఏడాదికి లక్షమందిలో 4 నుండి 13 మందికి వస్తుందని అంచనా. పంటినొప్పి ఊరంతటికీ ఉన్నది గనుక ముందుగా పంటినే అనుమానించడం డాక్టరు తప్పు కాదు. పన్నులో ఏమీ కనబడకపోయినా పీకడమే తప్పు.

మోసపుచ్చే సంగతులు కొన్ని ఉన్నాయి. చీలిన పన్ను కూడా కొరికినప్పుడు జివ్వుమంటుంది. అయితే అది కొరికితేనే, ముఖాన్ని తాకితే కాదు. దంతవైద్యుడు మత్తు సూది వేయగానే నరపు పోటు కూడా కాసేపు ఆగవచ్చు, కనుక సూదితో తగ్గింది గాబట్టి పన్నేనని తీర్పు చెప్పరాదు. అన్నింటికన్నా పెద్ద చిక్కు వేరే ఉంది. ఈ వ్యాధి తనంతట తాను నెలల తరబడి అణగి ఉంటుంది. అటువంటి విరామానికి ముందు పన్ను పీకితే యశస్సు పట్టకారుకు దక్కుతుంది. తిరిగి వచ్చినప్పుడు పక్క పన్నుకు మూడుతుంది.

1962లో స్వీడన్ వైద్యుడు బ్లోమ్ కార్బమజెపైన్ అనే మూర్ఛమందు ఈ పోటును అణచుతుందని ప్రకటించాడు. నేటికీ మొదట ఇచ్చేది అదే. అయితే దానిని ఎవరికి వారు కొని మింగరాదు. కళ్ళు తిరగడం, మత్తుగా ఉండడం, రక్తంలో ఉప్పు తగ్గడం, అరుదుగా ప్రమాదకరమైన దద్దుర్లు రావడం దాని గుణాలు. ఒంటిమీద దద్దురు కనబడితే వెంటనే డాక్టరుకు చెప్పాలి. రమజాన్‌లో మోతాదుల వేళలు మార్చుకోవలసినవారు నెల రాకముందే అడగాలి, ఉన్నట్టుండి మానరాదు. చెంప మొద్దుబారినా, పోటు రెండువైపులా ఉన్నా, నలభై లోపువారికి వచ్చినా ఎం.ఆర్.ఐ. తప్పదు, గడ్డగాని వేరొక నరాల వ్యాధిగాని దాగి ఉండవచ్చు. మద్రాసు జనరల్ ఆసుపత్రిలో డాక్టర్ బి. రామమూర్తి నరాల శస్త్రచికిత్స విభాగాన్ని 1950లో ప్రారంభించారు. మందుకు లొంగనివారికి ఆపరేషను మార్గం మా తీరానికి అప్పటినుండి ఒక రైలు ప్రయాణం దూరంలో ఉన్నది. నేడు నెల్లూరులోనే దంతవైద్య కళాశాల, వైద్య కళాశాలలు ఉన్నాయి.

వుజూ విషయం అడిగేవారుంటారు. రోగికి నీరు హాని చేసే యెడల తయమ్ముమ్ అనుమతి అల్ మాయిదా సూరా 6వ ఆయతులో ఉన్నది. కాని తయమ్ముమ్‌లోనూ చేయి ముఖానికి తాకుతుంది, ఈ రోగికి తాకిడే శత్రువు. నీరు హానిచేసే అవయవాన్ని తడిచేత్తో తుడవడం, అదీ భరించలేనప్పుడు విడిచిపెట్టడం ఫిఖ్‌హ్ గ్రంథాల్లో చర్చకు వచ్చినవే. మా ఖాలా ఈ సంగతి ఎవరినీ అడగలేదు. కుడిచెంప తడిపేముందు పళ్ళు బిగబట్టి నిలబడేవారు.