మంచుపెట్టెలో పాలచోటు

పాలసీసాను రిఫ్రిజరేటరు తలుపునందలి అరలో నిలిపి, తరిగిన ఉల్లిపాయల గిన్నెను ఖాళీయున్న చోటికి త్రోసి, నిశ్చింతగా తలుపు మూయుట నేడు మనకు అలవాటైనది. కాని ఏ పదార్థమునకు ఏ స్థానము తగునో నిర్ణయించు శాస్త్రమొకటి, విద్యుత్తుతో పనిచేయు ఈ యంత్రము ఇల్లు చేరుటకు పూర్వమే, అమెరికాదేశపు వంటయిండ్లలోని కఱ్ఱపెట్టెలయందు రూపొందినది.

మేరీలాండు రైతు థామస్ మూర్ 1803లో రిఫ్రిజరేటరు పేర పేటెంటు పొందిన సాధనము మిక్కిలి సామాన్యమైనది: దేవదారు తొట్టి, అందులో తగరపు పాత్ర, రెంటి నడుమ మంచుగడ్డలు, పైని కుందేటిచర్మపు పొర. వెన్న కరగకుండ జార్జిటౌను సంతకు చేర్చుటకే దానిని కల్పించెను. పిమ్మట బోస్టను వర్తకుడు ఫ్రెడరిక్ ట్యూడర్, గడ్డకట్టిన చెఱువులనుండి కోయించిన మంచును 1833లో కలకత్తాకు ఓడపై పంపెను. అట్టి మంచును నిలువచేయుటకై 1842లో చెన్నపట్టణపు సముద్రతీరమున కట్టిన ఐస్ హౌస్ నేటికిని నిలిచియున్నది. అయినను ఆ మంచు మన సామాన్యుల వంటయిండ్లకు రాలేదు. వేసవిలో మన పాలను కాచినది పొయ్యియు, తోడును మాత్రమే.

అమెరికాలో నట్లు కాదు. ఓకు కఱ్ఱతో చేసి, లోపల జింకురేకు తాపి, గోడల నడుమ రంపపుపొట్టో బెండో కూరిన పెట్టె అచ్చట ఇంటింట వెలసినది. 25, 50, 75, 100 అను పౌండ్ల అంకెలు గల అట్టను కిటికీలో నిలిపినచో, బండివాడు దానిని చూచి కావలసినంత గడ్డను తెచ్చి పెట్టెలో నుంచి పోవుచుండెను. గడ్డ పైభాగమున నొక ప్రక్క నుండును. చల్లనిగాలి బరువైనది గనుక క్రిందికి దిగి, ఆహారముల వేడిమిని గ్రహించి, రెండవ ప్రక్కన పైకెగసి, మరల గడ్డనే చేరును. కావున గడ్డకు సరిగా క్రిందనున్న అతిశీతల స్థానము పాలకు, వెన్నకు చెందినది. ఉల్లి, కర్బూజా వంటి ఘాటువాసనలు గలవి గాలిత్రోవ తుదనున్న పై అరకు చెందినవి. అచ్చటి వాసన ఇతర పదార్థములకు సోకక, గడ్డపై తడిలో కలిసి, కరగిన నీటితో అడుగు పళ్లెములోనికి జారిపోవును. ఇంత సూక్ష్మమైన గృహవివేకమును నేను వేరొకచోట చూడలేదు.

ఈ వివేకమును ఇల్లాండ్రకు బోధించినవారిలో అగ్రగణ్య మేరీ ఎంగిల్ పెన్నింగ్టన్. స్త్రీయను కారణమున పెన్సిల్వేనియా విశ్వవిద్యాలయము 1892లో ఆమెకు పట్టమీయక ప్రమాణపత్రముతో సరిపుచ్చినది. ఆమె 1895లో అచ్చటనే డాక్టరేటు గడించెను. పాలలోని సూక్ష్మజీవులను పరీక్షించి, ప్రభుత్వ ఆహారపరిశోధనశాలకు 1908లో అధిపతియై, 1923 నుండి మంచు పరిశ్రమ సంఘము పక్షమున గృహస్థులకై చిన్నపుస్తకములు వెలువరించెను. పసిబిడ్డల పాలు చెడకుండుటయే ఆమె శ్రద్ధకు కేంద్రము.

తరువాత విద్యుద్యంత్రము వచ్చినది; 1930ల ఆరంభమున క్రాస్లీ కంపెనీ తలుపునకే అరలు తగిలించినది. స్థలము కలిసివచ్చిన మాట నిజమే గాని, తెరచినప్పుడెల్ల బయటి వేడిగాలి తగులు తలుపు పెట్టెలో అన్నిటికన్న వెచ్చని చోటు. ఆ అరలు పచ్చళ్లకు, పానీయములకు చాలును. పాలను మాత్రము లోపలి అరలో, వెనుకగా ఉంచుడు.