మీర్ మీరాన్‌ను కూల్చిన గుండు
(యథార్థ గాథ)

1656. గోల్కొండ చుట్టూ మొగలాయి డేరాలు. దక్కన్ సుబేదారు ఔరంగజేబు కోటను ముట్టడించాడు. లోపల అబ్దుల్లా కుతుబ్ షా. ఒకపక్క సంధి రాయబారాలు, మరోపక్క ఫిరంగుల మోత.

బురుజు మీద గోలందాజు మందు కూరి, గుండు దిగవేశాడు. దూరంగా మొర్చాల దగ్గర కదలిక. ఎవరో పెద్ద సర్దారే. గోలందాజు అతని మీదికి గురిపెట్టలేదు. తల కన్నా చాలా పైకి పెట్టాడు. ఫిరంగి వెనకభాగం కిందున్న కొయ్య చీలను కాస్త లాగాడు. మూతి లేచింది. వత్తి అంటించాడు.

ఆ నిమిషం అలాగే గడిచి ఉంటుందన్నది మన ఊహ. తగిలిన మాట మాత్రం నిజం. గోల్కొండ కోటలోని మూసా బురుజు మీది శాసనం ఆ సంగతి చెబుతుంది. ఈ చోటి నుంచి పేలిన గుండు తగిలి మొగలాయి సర్దారు మీర్ మీరాన్ మూడో రోజున చనిపోయాడు, ఆ వెంటనే సంధి కుదిరింది. ముట్టడి ఎత్తేయమని షాజహాన్ పంపిన ఫర్మానా వల్లే సంధి అని చరిత్రకారులంటారు. బురుజు మాత్రం ఘనతను గుండుకే ఇచ్చింది. ముట్టడి ముగిసిన పదేళ్లకు, 1666లో, మూసాఖాన్ ఆధ్వర్యంలో ధర్మాచార్ కట్టిన ఆ బురుజు మీద పారశీకంతోపాటు తెలుగు శాసనమూ ఉంది.

అంత పైకి గురి ఎందుకు? మూతి దాటిన క్షణం నుంచే గుండు కిందికి జారుతుంది. ముందుకు దూసుకుపోయే వేగం ఎంతైనా ఈ జారుడు ఆగదు. మొదటి సెకను ముగిసేసరికి 5 మీటర్లు, రెండో సెకను ముగిసేసరికి 20 మీటర్లు. అంటే ఓ తాటిచెట్టంత. ఆ మేరకు ముందే పైకి పెట్టకపోతే గుండు సర్దారు దాకా పోకుండానే నేలకు తగులుతుంది. ముందుకు పోవడం, కిందికి పడటం కలిస్తే పరావలయమని గెలీలియో రాసిన పుస్తకం 1638లో లైడెన్‌లో అచ్చయింది. ఈ ముట్టడికి 18 ఏళ్ల ముందు.

ఆ సూత్రంతోనే ఒక లెక్క వేద్దాం. సెకనుకు 315 మీటర్ల వేగం, 45 డిగ్రీల వాలు. గుండు రెండున్నర కిలోమీటర్ల ఎత్తుకు లేచి, 45 సెకన్లు గాల్లో ఉండి, 10 కిలోమీటర్ల అవతల దిగుతుంది. మ్యాపులో చూస్తే గోల్కొండకు ఈశాన్యాన అంత దూరంలో ఉన్నది బేగంపేట!

నిజంగా పేలిస్తే అది బంజారాహిల్స్ కూడా దాటదు. అంత వేగంలో గాలి గుండును దాని బరువుకు ఎన్నో రెట్ల బలంతో వెనక్కి నెడుతుంది. అందుకే ఎక్కేదారి ఏటవాలుగా, దిగేదారి నిటారుగా మారుతుంది. మూడు నాలుగు కిలోమీటర్లు పోవడమే గగనం. గాలి ఇంత పని చేస్తుందని ఇంగ్లండులో బెంజమిన్ రాబిన్స్ బరువైన లోలకాన్ని గుళ్లతో కొట్టి, వేగాలు కొలిచి 1742లో తేల్చాడు. గోలందాజులకు అంతకుముందు ఉన్నది అనుభవమే: ఇంత మందుకు, ఇంత చీలకు, గుండు ఎక్కడ పడింది?

ఇప్పటికీ ఇంటర్ ఫిజిక్స్ లెక్కల్లో ‘గాలి నిరోధాన్ని ఉపేక్షించండి’ అని ఉంటుంది. ఉపేక్షిస్తే గుండు బేగంపేటలో పడుతుంది, మార్కులూ పడతాయి. బురుజు మీద నిలబడ్డవాడికి ఆ వెసులుబాటు లేదు.