మత్తడి నుంచి మైకు దాకా: నర్సంపేట చప్పుళ్లు

నర్సంపేటలో రైలు కూత వినిపించదు. రైలెక్కాలంటే కాజీపేట–విజయవాడ లైనులోని నెక్కొండకో, వరంగల్‌కో పోవాలి. అందుకే ఈ ఊరు బస్సు హారన్లతో నిద్ర లేస్తుంది. డిపో నుంచి తొలి బస్సులు కదిలే వేళకే అడ్డా మీద ఆటోవాళ్లు ఖానాపురం, నెక్కొండ, నల్లబెల్లి అంటూ కేకలు మొదలుపెడతారు. కాసేపటికి మున్సిపాలిటీ చెత్తబండి పాట పెట్టుకుని గల్లీల్లోకి వస్తుంది. ఈలోగా ఇంటి రేకుల మీద కోతుల దుంకులాట సరేసరి.

ఇవన్నీ నిన్నమొన్నటి చప్పుళ్లు. అన్నిటికన్నా పాతది ఊరికి సుమారు 12 కిలోమీటర్ల దూరాన, పాకాలలో ఉంది. కాకతీయ గణపతిదేవుని కాలంలో, 13వ శతాబ్దం తొలినాళ్లలో, జగదాళ ముమ్మడి కట్టించిన చెరువు అది. కట్టించినవాడి పేరు శాసనంలో నిలిచింది. గుట్టల నడుమ కట్ట వేసి నిలిపిన ఆ నీళ్లు వానాకాలంలో నిండి పొర్లితే, ‘పాకాల మత్తడి దుంకుతుందట’ అన్న కబురు సాయంత్రానికల్లా ఊరూరా పాకుతుంది. తెల్లారి చూడబోయే బండ్లతో రోడ్డు నిండిపోతుంది. చూడవచ్చినవాళ్లకు అది నీళ్ల హోరు. ఆయకట్టు రైతుకు మాత్రం రెండో పంటకు భరోసా. ఇక్కడ పుట్టిన వాగే మున్నేరై మహబూబాబాద్, ఖమ్మం మీదుగా పోయి కృష్ణలో కలుస్తుంది.

కాలువ అందని చెల్కలకు బావే దిక్కు. బావి ఉన్నచోటల్లా ఒకప్పుడు మోట చప్పుడు. ఎడ్లు వాలుదారిలో కిందికి దిగుతుంటే గిరక కిర్రుమనేది. బొక్కెన పైకొచ్చి తొండంలోంచి నీళ్లు కాలువలోకి బుడబుడా పడేవి. మోట తోలేవాడు మోకు మీద కూర్చుని పదం ఎత్తుకునేవాడు. ఎడ్లను వెనక్కి నడిపించేటప్పుడు ఒక వరస, ముందుకు తోలేటప్పుడు ఇంకో వరస. కోడి కూయకముందే మొదలయ్యే ఆ పాటను బట్టి, ఏ బావి దగ్గర ఎవరున్నారో చీకట్లోనే పోల్చుకునేవారు.

తర్వాత ఆయిల్ ఇంజన్లు వచ్చాయి. పొగతో పాటు డబడబమనే మోత తెచ్చాయి. వాటి వెనుకే కరెంటు మోటార్లు. రాత్రిపూట కరెంటు వంతులవారీగా ఇచ్చిన రోజుల్లో, ఏ అర్ధరాత్రో లైను రాగానే ఆటో స్టార్టర్లు టకటకమని చేలన్నీ ఒక్కసారిగా గుయ్యిమనేవి. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల ఉచిత కరెంటు మొదలయ్యాక రాత్రి బావికాడికి పరుగులు తగ్గాయి.

కాపలా చప్పుళ్లూ మారాయి. మంచె మీద కూర్చుని డబ్బా కొట్టడం, ఒడిసెల తిప్పడం పాత పద్ధతి. ఇప్పుడు మక్క చేను గట్టున కట్టెకు కట్టిన చిన్న మైకు, దాని కింద బ్యాటరీ ఉంటాయి. అందులో రైతు తన గొంతుతోనే ‘హోయ్... హో...’ అని రికార్డు చేసి పెట్టి ఇంటికొచ్చి పడుకుంటాడు. అడవి పందులు, కోతులు నాలుగు రోజులు జడుస్తాయి. ఆ తర్వాత అలవాటు పడతాయి. అప్పుడు కుక్క మొరుగుడో, పటాకుల మోతో మార్చి పెట్టాలి.

మిర్చి కోతల కాలంలో తెల్లవారుజామునే కూలీల ఆటోలు బారులు తీరుతాయి. కల్లాల్లో బస్తాలకెత్తేటప్పుడు మాటలకన్నా తుమ్ములు, దగ్గులే ఎక్కువ. 2025లో భౌగోళిక గుర్తింపు పొందిన చపాట మిర్చి ఈ చుట్టుపక్కల పంటే. కారం తక్కువ, రంగు ఎక్కువ కాబట్టి దాని దగ్గర తుమ్ములూ కొంత నయం.

మైకుతో ఈ ఊరికి పాత చుట్టరికమే. 1972 నుంచి 1989 దాకా జరిగిన ఎన్నికల్లో వరుసగా ఐదుసార్లు ఎమ్మెల్యేగా గెలిచిన మద్దికాయల ఓంకార్ ఉపన్యాసాలు విన్న తరం ఇంకా ఉంది. హోలీ నాటి కొమ్మాల జాతరకు ప్రభ బండ్లు కదిలితే పార్టీల పాటలు పోటీ పడతాయి. రెండేళ్లకోసారి మేడారం జాతర వస్తే డోలు చప్పుళ్లు, బస్సుల రొద రాత్రంతా ఆగవు.

వీటిలో గొడవ తెచ్చిపెట్టేది డీజే ఒక్కటే. పక్క ములుగు జిల్లాలో లక్నవరం దీవులకు పోయేవారిలో, పాకాల కట్టకు వచ్చేవారిలో కొందరు పెద్ద స్పీకర్లు వెంట తెస్తున్నారు. పాకాల 1952 నుంచి అభయారణ్యం. అక్కడ కొంగలు, నీటికాకులు, నెమళ్లు, తీతువుల అరుపులు వినాలంటే బండి ఇంజను కూడా ఆపాలి.

ముమ్మడి పేరుకు రాయి దొరికింది. మోట పదాలకు ఆ భాగ్యం లేదు. అవి పాడినవాళ్లు చాలామంది వెళ్లిపోయారు, ఉన్నవాళ్లు పెద్దవాళ్లయ్యారు. మీ ఇంట్లోనో, వాడలోనో మోట తోలిన తాత ఉంటే ఈ ఆదివారమే ఫోను తీసుకుని పక్కన కూర్చోండి. ఆయన పాడింది రికార్డు చేసి, ఏ ఊరిదో, ఏ బావిదో పేరు రాసి దాచండి.