హటాడియా పడుకున్న చోటే మజిలీ

లదేణి కాలం గురించి, అంటే మన పెద్దలు ఎద్దుల మీద ధాన్యం, ఉప్పు మోసిన రోజుల గురించి చెబితే పిల్లలు ముందు అడిగేది ఎద్దుల లెక్కే. 1632లో పీటర్ మండీ అనే ఇంగ్లిష్ వర్తకుడు ఉత్తరాదిలో ఒక తండా ఎదురైతే 14,000 ఎద్దులని రాసుకున్నాడు. నాకు మాత్రం ఆ లెక్క కన్నా అతను రాసిన ఇంకో మాట ముఖ్యం. ఆ తండా రోజుకు 6, 7 మైళ్లే నడిచేదట. అంటే 10, 11 కిలోమీటర్లు. ఆ నడకతో జగిత్యాలలో బయలుదేరినవాళ్లు కోరుట్ల చేరేది మూడో రోజే.

అంత నెమ్మది బద్ధకం వల్ల కాదు. తండా వెంట మేత మోసుకుపోరు. ఎద్దు దారిలోనే మేయాలి, మేసింది పడుకుని నెమరేయాలి. ఈ రెండు పనులకే దానికి రోజులో సగానికి పైగా పడుతుంది. మిగిలిన పొద్దే నడకకు.

మజిలీ ఎక్కడో తేల్చేది కూడా ఎద్దే. బేరార్‌లో పోలీసు అధికారిగా ఉన్న కంబర్లెజ్ 1882లో బంజారాల గురించి రాస్తూ హటాడియా అనే ఎద్దును వర్ణించాడు. దాని మీద ఏ బరువూ వేయరు. ఎర్ర పట్టు పీలికలు, గంటలు, గవ్వల దండలు కట్టి ముందు నడిపిస్తారు. అది అలసి ఎక్కడ పడుకుంటే ఆ రోజుకు అక్కడే దిగుతారు. ఎవరికైనా జబ్బు చేస్తే దాని కాళ్ల దగ్గరికి తీసుకెళ్లి మొక్కుతారు. మొక్కుతో జ్వరం తగ్గుతుందని నేను చెప్పను. కానీ వేల ఎద్దుల గుంపు ఒక ఎద్దు అలసటను చూసి ఆగడం చిన్న తెలివి కాదు.

అది లేనప్పుడు ఏమవుతుందో అదే దక్కన్‌లో కనిపించింది. 1791లో టిప్పు సుల్తాన్ మీదికి పోయిన కారన్‌వాలిస్ శ్రీరంగపట్నం ముందు నుంచి వెనక్కి తిరిగాడు. మేత లేక, రోగాలు తగిలి సైన్యం ఎద్దులు వేల సంఖ్యలో చచ్చాయి. లాగే దిక్కు లేక పెద్ద ఫిరంగులను వాళ్లే పాడుచేసి వదిలేశారు. తర్వాత ఆ సైన్యానికి ధాన్యం అందించినవాళ్లలో బంజారాలూ ఉన్నారు.

రైళ్లొచ్చాక లదేణి పోయింది. నిజాం రాజ్యంలో సికింద్రాబాద్-వాడి లైను 1874లో మొదలైంది. తండాలు ఒకచోట కుదురుకున్నాయి, గోనె మోసిన ఎద్దు మెడ మీదికి నాగలి కాడి వచ్చింది. ఎద్దును చూసుకునే పద్ధతి మాత్రం పోలేదు. పోయింది ఎక్కడంటే, మన ఒంటి విషయంలో. ఆ తప్పు నేనూ చేశాను.

2022లో కానిస్టేబుల్ నోటిఫికేషన్ పడింది. మగపిల్లలు 1600 మీటర్లు 7 నిమిషాల 15 సెకన్లలో, ఆడపిల్లలు 800 మీటర్లు 5 నిమిషాల 20 సెకన్లలో పరుగెత్తాలి. సిరిసిల్ల వైపు మా తండా పిల్లలు తెల్లారే మైదానం ఎక్కారు. అప్పటిదాకా ఫోను పట్టుకుని కూర్చున్నవాళ్లు మొదటి రోజే నాలుగు కిలోమీటర్లు ఉరికారు. మూడో వారంలో ఒక పిల్లగాడు మోకాలి కింద ఎముక నొప్పి అన్నాడు. "ఓర్చుకో, పోలీసు కావాలంటే ఆ మాత్రం ఓర్వాలి" అన్నాను నేను. ఇంకో పది రోజులకు ఎక్స్‌రేలో ఎముకకు సన్నటి పగులు కనిపించింది. వాడి పరుగు ఆ ఏటికి అయిపోయింది.

వాళ్ల దాదా నన్ను తిట్టలేదు. ఒకటే అడిగాడు: "కోడెనైతే ఇట్లనే తోలుదువా బేటా?"

తోలను. ఎవరూ తోలరు. కోడెను ముందు ముదురు ఎద్దు పక్కన కాడి కట్టి వట్టిగా తిప్పుతారు. తర్వాత గుంటుక, అదీ ఒక పూటే. బరువు బండి ఎన్నో రోజుల తర్వాత. మెడ వాచిందంటే కాడి దించి తగ్గేదాకా కట్టరు. ఎండ ముదిరేలోపే విప్పి నీళ్ల దగ్గరికి కొడతారు. ఇది మన ఒంటికీ సరిపోతుంది. ఊపిరి, కండలు కొన్ని వారాల్లోనే పరుగుకు అలవాటు పడతాయి. ఎముక గట్టిపడటానికి నెలలు కావాలి. అందుకే దమ్ము ఉంది కదా అని ఉరికేవాడికే ఎముక పగులుతుంది. వేలితో నొక్కితే ఎముక మీద ఒకే చోట నొప్పి ఉంటే అది ఓర్చుకునే నొప్పి కాదు, డాక్టరుకు చూపించే నొప్పి.

కట్టు కొయ్యకే ఉన్న ఎద్దు సంగతి కూడా దాదాయే చెప్పాడు. పని లేని ఎద్దుకు డెక్కలు పెరిగిపోతాయి, కొత్తగా కాడి కడితే నాలుగు సాళ్లకే రొప్పుతుంది. నోటిఫికేషన్ కోసం చూస్తూ కూర్చున్న మన పిల్లలను చూసే అన్నాడో ఏమో.

ఇప్పుడు మా తండాలో నోటిఫికేషన్ ఉన్నా లేకున్నా పొద్దున పిల్లలు నడుస్తారు. మొదటి నెల నడకే, మధ్య మధ్య కొద్దిగా పరుగు. దూరం వారానికి కొంచెమే పెంచుతాం. ఆదివారం సెలవు. ఆ రోజు ఎవరైనా మైదానంలో ఉరుకుతూ కనబడితే దాదాయే కేకేసి వేపచెట్టు కింద కూర్చోబెడతాడు. ఎముక అతుక్కున్న మనవడు కూడా ఆ చెట్టు కిందే ఉంటాడు.